నూట ఇరవై అడుగుల తగాదా

మడిగెకో మెస్సుకో ఫంక్షన్ హాలుకో వేసిన ఆస్తి పన్ను విలువ తప్పనిపిస్తే ఎవరిని అడగాలి? అసలు ఏమని అడగాలి?

ఉప్పల్ దాటాక ఏదో ఒక కాలనీ రోడ్డు అనుకోండి. పొద్దున ఎనిమిదిన్నర. టిఫిన్ సెంటర్ ముందు రేకుల చూరు కింద దోసె పెనం కాలుతోంది. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ జనం మధ్యలోంచి మున్సిపల్ ఆఫీసు మనిషి ఒకాయన లోపలికొచ్చాడు. ఆయన వెంట ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు. చేతిలో టేపు లేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పరికరం గోడకు పెట్టి నొక్కితే ఎర్రచుక్క అవతలి గోడ మీద పడుతుంది, అంకె తెర మీద వస్తుంది. పది నిమిషాల్లో పని అయిపోయింది.

కొన్ని వారాలకు నోటీసు వచ్చింది. ఇన్నాళ్లూ 800 చదరపు అడుగులుగా ఉన్న మడిగె 920 అయింది. పెరిగిన 120 అడుగులూ పెనం మీది ఆ రేకుల చూరువి. యజమాని నోటీసు పట్టుకుని బిల్ కలెక్టర్‌ను ఆపాడు.

"అన్నా, గిరాకీ ఏడుందే? కరోనా కాడికెల్లి కోలుకుంటనే లేం. గ్యాస్ రేటు జూడు, మనుషుల జీతాలు జూడు. గింత పన్ను యాడికెల్లి కట్టాలె?"

"గవన్నీ నాకు తెల్వదన్నా. సిస్టంల తొమ్మిదొందల ఇరవై చూపిస్తున్నది."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. గిరాకీ లేకపోవడం నిజం, సిస్టంలో ఆ అంకె ఉండడమూ నిజమే. అయితే ఈ సంభాషణ ఎంతసేపు సాగినా పన్ను ఒక్క రూపాయి తగ్గదు. "నా మడిగె ఎనిమిది వందల అడుగులే, చూరు కట్టడం కాదు, కొలిచిన కాగితం చూపించండి" అన్న ఒక్క మాట తప్ప అన్నీ అందులో వచ్చాయి. ఆస్తి పన్ను చట్టానికి వ్యాపారం ఎలా నడుస్తోందో వినిపించదు. దానికి తెలిసింది కట్టడం, విస్తీర్ణం, వాడకం, ఆ చోట వచ్చే అద్దె. గొడవ పడదలచుకుంటే వాటి మీదే పడాలి.

ఇప్పుడే ఎందుకీ చర్చ

హైదరాబాద్‌లో 2024లో డ్రోన్లతో, జీఐఎస్ పటాలతో ఇళ్లూ దుకాణాల లెక్క తీయడం మొదలైంది. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉన్న 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. నిన్నటిదాకా చిన్న మున్సిపాలిటీ చలానాలు కట్టినవాళ్లకు 'ఇక మహానగరం రేట్లు పడతాయా' అన్న బెంగ పట్టుకుంది. కరెంటు మీటరు వ్యాపార వాడకపు కేటగిరీ-2లో ఉండి, ఆస్తి పన్ను మాత్రం ఇంటి కింద కడుతున్న షాపులు ఒక్కొక్కటే లెక్కలోకి వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరు. అక్కడ 2021 నుంచి లెక్కే మారిపోయింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

జీహెచ్‌ఎంసీ ఆస్తి పన్ను వసూళ్లు 2024-25లో తొలిసారి 2,000 కోట్ల రూపాయలు దాటాయి. వీధి దీపం, మురుగు కాలువ, చెత్త బండి, అన్నీ ఎక్కువగా ఈ డబ్బు మీదే నడుస్తాయి. పన్నే అన్యాయమని వాదించేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ ఇద్దరు ఇరుగుపొరుగు వ్యాపారులు ఒకే కొలత మడిగెలకు వేర్వేరు పన్ను కడుతుంటే అది నగరానికి పేరు తెచ్చే పని కాదు.

హైదరాబాద్‌లో ఆ తేడా రావడానికి పాత కారణం ఒకటుంది. వ్యాపార భవనాల పన్ను రేట్లను ఇక్కడ చివరిసారి పెద్దఎత్తున సవరించింది 2007లో. అప్పటికే లెక్కలో ఉన్న భవనం పాత రేటు మీద హాయిగా సాగిపోతోంది. ఆ తర్వాత లేచిన భవనానికి, వాడకం మారిన ఇంటికి, చేయి మారిన షాపుకు లెక్క మళ్లీ మొదటి నుంచి కడతారు. పక్కపక్క షటర్ల మధ్య తేడాకు చాలాసార్లు మూలం ఇదే.

మూడున్నర ఎక్కడి నుంచి వచ్చింది

హైదరాబాద్‌లో వ్యాపార భవనానికి ఏడాది పన్ను కట్టే సూత్రం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ప్లింత్ ఏరియా ఎన్ని చదరపు అడుగులో దాన్ని, ఆ ప్రాంతంలో చదరపు అడుగుకు నిర్ణయించిన నెల అద్దెతో గుణించి, ఆ వచ్చిందాన్ని మళ్లీ 3.5తో గుణించాలి. ఈ 3.5 ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏడాదికి పన్నెండు నెలల అద్దె. అందులో భవనం తరుగు కింద 10 శాతం తీసేస్తారు. మిగిలినదానిలో 30 శాతం పన్ను. దాని మీద 8 శాతం గ్రంథాలయ పన్ను. అన్నీ గుణిస్తే 3.4992 వస్తుంది. దాన్నే గుండ్రంగా మూడున్నర అంటున్నారు.

ఈ లెక్క తెలియడం వల్ల ఒక లాభముంది. తరుగు అందరికీ 10 శాతమే కాదు. భవనం వయసు పాతికేళ్లు దాటితే 20, నలభై ఏళ్లు దాటితే 30 శాతం అనేది నిబంధనల్లో ఉన్న మెట్లు. సుల్తాన్‌బజార్లోనో సికింద్రాబాద్ జనరల్ బజార్లోనో ఉన్న పాత మడిగెకు కూడా మూడున్నరతోనే గుణించారంటే, 'మా భవనం వయసు ఏమైంది సార్' అని అడగడానికి చోటుంది. 20 శాతం తరుగు వేస్తే గుణకం 3.11కు దిగుతుంది.

> బాక్స్: కాగితం మీద లెక్క
>
> ఊహకు ఒక మడిగె: 800 చదరపు అడుగులు, నెల అద్దె అడుగుకు 20 రూపాయలు అనుకుందాం.
>
> ఏడాది పన్ను: 3.5 × 800 × 20 = 56,000 రూపాయలు.
>
> విస్తీర్ణం 920 అని రాస్తే: 64,400. అంటే 120 అడుగుల రేకుల చూరు ఖరీదు ఏటా 8,400.
>
> వెనక సందు రేటు బదులు మెయిన్ రోడ్డు రేటు 25 వేస్తే: 70,000.
>
> పాతికేళ్లు దాటిన భవనంగా 20 శాతం తరుగు ఇస్తే: దాదాపు 49,770.
>
> అదే 800 అడుగులు ఇల్లుగా నమోదై, అడుగుకు రూపాయి అద్దె చొప్పున లెక్కిస్తే: దాదాపు 2,800.

చివరి వరుస మళ్లీ ఒకసారి చూడండి. ఇంటికీ దుకాణానికీ మధ్య ఇంత అగాధం ఉన్నచోట 'వాడకం' అన్న గడి దగ్గర ఎన్ని కథలు నడుస్తాయో ఊహించవచ్చు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ, కింది అంతస్తులో ట్యూషన్ చెప్పే మాస్టారు, పైన కాపురం ఉంటూ కింద కిరాణా నడిపే కుటుంబం లాంటివాళ్ల దగ్గరే గీత మసకబారుతుంది. మొత్తం ఇంటినే వ్యాపారం కింద రాస్తే ఆ తేడా భరించలేనిది. ఎన్ని అడుగులు దుకాణమో, ఎన్ని అడుగులు కాపురమో విడదీసి రాయమని అడగడం దయ కోరడం కాదు. అది లెక్క సరిచేయమనడమే.

పదిహేను రోజులు

కొత్తగా పన్ను వేసినా, ఉన్నదాన్ని పెంచినా ముందు స్పెషల్ నోటీసు ఇవ్వాలి. జీహెచ్‌ఎంసీ చట్టం 1955 నాటిది. దాని ప్రకారం ఆ నోటీసు మీద అభ్యంతరం చెప్పడానికి ఉండే గడువు పదిహేను రోజులు. అభ్యంతరం కమిషనర్ పేర రాతపూర్వకంగా ఇవ్వాలి. వాడుకలో దీన్ని రివిజన్ పిటిషన్, ఇంకా పొట్టిగా ఆర్‌పీ అంటారు. విచారణ రోజు పిలుస్తారు, మళ్లీ కొలుస్తారు, ఉత్తర్వు ఇస్తారు. దానితో తృప్తి పడకపోతే అప్పీలు జడ్జి దగ్గరికి వెళ్తుంది. అక్కడ రెండు షరతులు: ముందు కమిషనర్ దగ్గర అభ్యంతరం చెప్పి ఉండాలి, వివాదంలో ఉన్న పన్ను కట్టి ఉండాలి.

రెండో షరతు చాలామందిని గుమ్మంలోనే ఆపేస్తుంది. తప్పు అంటున్న సొమ్మును ముందే చెల్లించి, తర్వాత తప్పని నిరూపించుకోవాలి. పెద్ద షాపింగ్ మాల్‌కు అది ఖర్చుల్లో ఒక పద్దు. మెస్ నడిపే మనిషికి మాత్రం అది సరుకులకు పెట్టుకున్న డబ్బు. మునిసిపాలిటీకి ఈ రక్షణ అవసరమే, లేకపోతే ప్రతి బాకీదారుడూ అప్పీలు పేరు చెప్పి ఏళ్లకేళ్లు లాగుతాడు. అయినా ఒప్పుకున్న మేరకు కట్టి, తగాదాలో ఉన్న ముక్కకు మాత్రం హామీ ఇచ్చే వీలు చిన్న మడిగెలకైనా ఉండాలని నా అభిప్రాయం.

కట్టకుండా కూర్చుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. ఎప్పుడో ఒకప్పుడు ప్రభుత్వం వన్ టైమ్ సెటిల్‌మెంట్ ప్రకటించి వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తుందని ఎదురుచూసేవాళ్లున్నారు. అలాంటి మాఫీలు వచ్చిన మాట నిజమే. కానీ మాఫీ అయ్యేది వడ్డీయే. తప్పుడు కొలత మీద వేసిన అసలు అలాగే ఉంటుంది. మాఫీ కింద కట్టినవాడు ఆ కొలతకు తానే ఒప్పుకున్నట్టు కనిపించే ప్రమాదమూ ఉంది.

పదిహేను రోజుల్లో ఇంకో చిక్కుంది. ఏ కొలతల మీద, ఏ రేటు మీద పన్ను కట్టారో చూపించే షీటు నోటీసుతోపాటు చాలాసార్లు రాదు. సమాచార హక్కు కింద అడిగితే జవాబివ్వడానికి అధికారికి ముప్పై రోజులుంటాయి. కాగితాలు చేతికొచ్చే లోపు అభ్యంతరం గడువు రెండుసార్లు అయిపోతుంది. అందుకే ఈ ఆఫీసుల చుట్టూ తిరిగి అలవాటు పడ్డ కన్సల్టెంట్లు ముందు ఆర్‌పీ వేసేస్తారు, 'కొలతల నకలు ఇప్పించాక అదనపు వివరాలు సమర్పిస్తాం' అని అందులోనే రాస్తారు. రసీదు మీద తేదీ, స్టాంపు పడేలా చూస్తారు. కొరియర్ చీటీ, మీసేవ రసీదు, ఈమెయిల్ నకలు, ఏదైనా సరే దాస్తారు.

యజమాని డల్లాస్‌లో, నోటీసు షటరు మీద

మన నగరాల్లో చాలా మడిగెల సొంతదారు ఒకరు, వ్యాపారం చేసేది ఇంకొకరు. నోటీసు సొంతదారు పేరు మీద వస్తుంది. ఆయన డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటాడు. ఇక్కడి వ్యవహారాలు బావమరిది చూసుకుంటాడు, ఆయన నెలకోసారి అద్దె కోసం వస్తాడు. షటరుకు అతికించిన కాగితాన్ని వర్కర్లు చింపేసి ఉంటారు, లేదా ఫోన్లో ఫొటో తీసి పంపితే 'చూస్తాలే' అని ఆగిపోయి ఉంటుంది. ఆ లోపు గడువు దాటిపోతుంది.

పన్ను భారం మాత్రం చాలా లీజుల్లో కిరాయిదారు మీదే పడుతుంది. 'పెరిగిన మున్సిపల్ పన్నులు కిరాయిదారు భరించవలెను' అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. భరించేవాడికి పోరాడే హక్కు మీద స్పష్టత లేదు, హక్కున్నవాడికి పోరాడే అవసరం లేదు. కొత్తగా లీజు రాసుకునేవాళ్లు నోటీసు నకలు ఫలానా రోజుల్లోగా ఇవ్వాలని, అభ్యంతరం వేయడానికి ఆథరైజేషన్ లెటర్ ఇస్తున్నామని రెండు వాక్యాలు కలిపించుకుంటే బాగుంటుంది.

లీజులోనే ఇంకో ఉచ్చు ఉంది. కాంప్లెక్సుల్లో అద్దె సూపర్ బిల్టప్ ఏరియా మీద రాస్తారు. అందులో లిఫ్టు, వరండా, మెట్ల వాటా కలిసి ఉంటాయి. పన్నుకు ఆ అంకెను ఎత్తుకుంటే దుకాణం లోపలి విస్తీర్ణం కన్నా బాగా ఎక్కువ పడుతుంది. సెల్లారులో ఒక మూల సామాను పెట్టుకుంటే మొత్తం పార్కింగును గోదాం కింద రాసేయడం ఇంకో రకం. విచారణకు వెళ్లేటప్పుడు లైసెన్సు ఉన్న సర్వేయరు గీసిన స్కెచ్, మంజూరైన ప్లాను, రిజిస్టరైన దస్తావేజు, తేదీలున్న ఫొటోలు పట్టుకెళ్లమనేది అందుకే. ఆ నాలుగు కాగితాల ముందు గంటసేపటి బాధల చిట్టా నిలబడదు.

గుంటూరు పన్ను చెల్లింపుదారులు

ఆస్తి పన్ను విలువ మీద దేశమంతా ఉదాహరణగా చెప్పుకునే తీర్పుల్లో ఒకటి మన గుంటూరుది. గుంటూరు టౌన్ రేట్ పేయర్స్ అసోసియేషన్ మున్సిపల్ కౌన్సిల్ మీద నడిపిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970లో తీర్పు వచ్చింది. అప్పటి లెక్కకు ఆధారం 1920 నాటి మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం. 'ఈ భవనాన్ని అద్దెకిస్తే సహేతుకంగా ఎంత రావచ్చు' అన్న అంచనా మీద పన్ను వేసేవారు. పట్టణవాసుల వాదన సూటిగా ఉంది: అద్దె నియంత్రణ చట్టం ఇంతకు మించి అద్దె తీసుకోకూడదని నాకు చెబుతోంది. నేను చట్టబద్ధంగా తీసుకోలేని అద్దె నాకు వస్తుందని ఊహించి దాని మీద పన్ను ఎలా వేస్తావు?

కౌన్సిల్ జవాబు: రెంట్ కంట్రోలరు ఈ భవనాలకు న్యాయమైన అద్దె ఇంకా నిర్ణయించలేదు కదా, నిర్ణయించేదాకా మా అంచనా మాది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కంట్రోలరు నిర్ణయించినా నిర్ణయించకపోయినా అద్దె నియంత్రణ చట్టం సూత్రాల ప్రకారమే విలువ కట్టాలంది. తొమ్మిదేళ్లకు, 1979 డిసెంబరులో, ఢిల్లీకి చెందిన దివాన్ దౌలత్ రాయ్ కపూర్ కేసులో ఇదే దారి మరింత గట్టిపడింది.

ఆ గెలుపు మామూలు గెలుపు కాదు. కానీ దాని వెనక నడిచిన కథే నాకు ఎక్కువ ఆసక్తికరం. అద్దెలు చట్టం దగ్గర గడ్డకట్టాయి, వాటితో పాటే పన్నులూ గడ్డకట్టాయి. ఊళ్లు పెరిగాయి, మున్సిపాలిటీల చేతికి డబ్బు రాలేదు. చివరికి ప్రభుత్వాలు ఆటనే మార్చేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990లో కొత్త నిబంధనలు వచ్చాయి: జోన్లు, కట్టడం రకం, వాడకం, వయసు, వాటిని బట్టి చదరపు అడుగుకు రేటు. పాట్నాలో 1993లో అలాంటి పద్ధతే తెచ్చారు, దాన్ని సుప్రీంకోర్టు 1995లో సమర్థించింది. ఈరోజు మన నోటీసులో కనిపించే అడుగు లెక్క అలా పుట్టింది.

> బాక్స్: మెట్ల పన్ను, గోడలో ఏటీఎం
>
> బ్రిటన్‌లో వ్యాపార భవనాల పన్నును బిజినెస్ రేట్స్ అంటారు. అక్కడి తగాదాలు వింటే మన చూరు గొడవ చిన్నబోతుంది.
>
> ఒకే కంపెనీకి ఒకే భవనంలో రెండు అంతస్తులున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే అందరూ వాడే మెట్లు ఎక్కాలి. అయితే అది ఒక ఆస్తా, రెండా? 2015లో అక్కడి సుప్రీంకోర్టు రెండు అంది. పత్రికలు దానికి 'మెట్ల పన్ను' అని పేరు పెట్టాయి. 2018లో పార్లమెంటు చట్టం చేసి ఆ తీర్పు ప్రభావాన్ని తీసేసింది.
>
> సూపర్ మార్కెట్ గోడలో ఉన్న ఏటీఎంకు విడిగా పన్ను వేయొచ్చా అన్న కేసు 2020లో తేలింది. కుదరదు, అది దుకాణంలో భాగమేనని కోర్టు చెప్పింది.
>
> కరోనాలో షాపులు మూతపడ్డాయి కాబట్టి విలువ తగ్గించాలని అప్పీళ్లు వెల్లువెత్తాయి. ప్రభుత్వం 2021లో ఆ దారినే చట్టంతో మూసేసి, బదులుగా 150 కోట్ల పౌండ్ల సహాయ నిధి ప్రకటించింది.

బెజవాడలో గొడవ వేరే ఆఫీసుది

2020 మేలో కేంద్రం రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలు కల్పిస్తూ కొన్ని సంస్కరణల షరతులు పెట్టింది. వాటిలో ఒకటి, ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం. దేశంలో ఈ పురపాలక సంస్కరణలు ముందుగా పూర్తి చేసినవి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. ఆంధ్రప్రదేశ్‌కు దానివల్ల 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. 2021 ఏప్రిల్ నుంచి అద్దె లెక్క పోయి మూలధన విలువ లెక్క వచ్చింది. స్థలం, కట్టడం కలిపి రిజిస్ట్రేషన్ శాఖ రాసుకున్న విలువ మీద ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను.

ఒక్కసారిగా పడితే జనం తట్టుకోలేరని ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి పెట్టారు. వినడానికి ఊరటగానే ఉంటుంది. కానీ 15 శాతం చొప్పున పెరిగే అంకె అయిదేళ్లకు రెట్టింపు అవుతుంది. 2021లో 40,000 కట్టిన విజయవాడ వన్‌టౌన్ కొట్టు అసలు విలువ దాకా మెట్టు మెట్టుగా ఎక్కుతూనే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్రంలో భూముల రిజిస్ట్రేషన్ విలువలు మళ్లీ సవరించారు. మెట్లు ఎక్కుతుండగానే మేడ కూడా పైకి లేచింది.

ఇక్కడ అభ్యంతరం చెప్పేవాడు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మున్సిపల్ కమిషనర్ విస్తీర్ణం సరిచేయగలడు, వాడకం మార్చగలడు, స్లాబు బదులు రేకుల షెడ్డు అని రాయగలడు, తప్పు వీధి విలువ తీసుకుంటే దిద్దగలడు. ఆ వీధికి గజం విలువ ఎంత అన్నది మాత్రం ఆయన చేతిలో లేదు. అది రిజిస్ట్రేషన్ శాఖది. పట్టణాల్లో జాయింట్ కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఆ విలువలు ఖరారు చేస్తుంది. ముందు ముసాయిదా పెట్టి అభ్యంతరాలు అడుగుతుంది. ఆ ముసాయిదాను చూసేది రియల్ ఎస్టేటువాళ్లే. చాంబర్ ఆఫ్ కామర్స్‌లూ కిరాణా మర్చంట్ల సంఘాలూ ఆ రోజుల్లో అటు చూడవు. పన్ను నోటీసు వచ్చాక మున్సిపల్ ఆఫీసు ముందు ధర్నా చేస్తాయి. అప్పటికి చేయదగింది పెద్దగా మిగలదు.

కమిషనర్ నిర్ణయం నచ్చకపోతే మున్సిపాలిటీల్లో పై మెట్టు రీజినల్ డైరెక్టర్ కమ్ అప్పిలేట్ కమిషనర్. విశాఖపట్నం, రాజమహేంద్రవరం, గుంటూరు, అనంతపురంలలో ఆ కార్యాలయాలున్నాయి. ఈ మెట్లు ఎక్కకుండా నేరుగా హైకోర్టులో రిట్ వేసేవాళ్లు చాలామందే. అసలు నోటీసే ఇవ్వకుండా పన్ను పెంచితే కోర్టు జోక్యం చేసుకుంటుంది. కొలతల తగాదా అయితే మాత్రం 'అప్పీలు దారి ఉంది కదా, అటు వెళ్లండి' అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది.

పెద్దవాళ్ల అప్పీళ్లు

చిన్న మడిగె అభ్యంతరం గురించి మాట్లాడుతున్నప్పుడు పెద్ద దుకాణాల సంగతి వదిలేయకూడదు. అమెరికాలో భారీ చిల్లర దుకాణాల సంస్థలు ఒక వాదన పట్టుకున్నాయి. కిటకిటలాడుతూ నడుస్తున్న దుకాణం విలువ కట్టేటప్పుడు, అదే పరిమాణంలో మూతపడి ఖాళీగా ఉన్న దుకాణం ధరను పోలికగా తీసుకోవాలట. దీనికి 'చీకటి దుకాణం' సిద్ధాంతమని పేరు. మిషిగన్ రాష్ట్రంలో ఇలా విలువలు బాగా తగ్గించుకున్నారు. తగ్గిన పన్ను బడికీ గ్రంథాలయానికీ కోతగా తిరిగొచ్చింది. ఎస్కనాబా అనే చిన్న ఊరు మెనార్డ్స్ సంస్థతో పోరాడింది. 2016లో అప్పీలు కోర్టు ఆ పోలికను ఒప్పుకోక కేసును మళ్లీ విచారించమంది.

టెక్సస్‌లో ఇంకో వాతావరణం. రాష్ట్ర ఆదాయ పన్ను లేదు కాబట్టి ఆస్తి పన్ను బరువు ఎక్కువ. ఏటా మే 15 లోగా, లేదా నోటీసు వచ్చిన 30 రోజుల్లోగా, ఏది తర్వాతైతే ఆలోగా ప్రొటెస్ట్ వేయడం అక్కడ సాధారణ సంగతి. అక్కడి తెలుగువాళ్లు ఇంటికీ, గ్యాస్ స్టేషన్‌కూ, మోటెల్‌కూ ఫారం నింపుతారు. వినేది అధికారి కాదు, స్థానిక పౌరులతో వేసిన రివ్యూ బోర్డు. 'నా పక్కవాళ్ల కన్నా నాకు ఎక్కువ విలువ కట్టారు' అన్నదొక్కటే వాదనగా నిలబడుతుంది. పక్కవాళ్ల విలువలు అందరికీ కనిపించేలా ఉంటాయి మరి. మన దగ్గర పక్క మడిగె బకాయి ఎంతో ఆన్‌లైన్‌లో వెతికి చూడొచ్చు, కానీ అది ఏ విస్తీర్ణం మీద, ఏ రేటు మీద పడిందో కనిపించదు. అసలు కావలసింది ఆ రెండే.

మన దేశంలో పెద్దవాళ్లు గెలిచిన సంగతి ముంబయిది. అక్కడి కార్పొరేషన్ 2010లో మూలధన విలువకు మారినప్పుడు, ఖాళీ స్థలం మీద భవిష్యత్తులో ఎంత కట్టవచ్చో కూడా లెక్కవేసి పన్ను అడిగింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లవంది. స్థలం ఇప్పుడు ఎలా ఉందో దాని మీదే పన్ను, రేపు ఏమవుతుందన్న ఊహ మీద కాదు. బిల్డర్లు తెచ్చుకున్న తీర్పే అయినా, రేకుల షెడ్డులో వెల్డింగ్ షాపు నడుపుతున్నవాడు కూడా పట్టుకోదగ్గ మాట అందులో ఉంది.

'నేను చూసుకుంటా' అనేవాళ్లు

ఆర్‌పీ వేయడానికి భయపడేవాళ్లకు కారణం లేకపోలేదు. మళ్లీ కొలవడానికి వచ్చినవాళ్లు వెనక కట్టుకున్న షెడ్డు చూస్తారు, పైన వేసిన గది చూస్తారు. 120 అడుగులు తగ్గించబోయి 300 పెరిగిన సందర్భాలు వ్యాపారుల నోట వినిపిస్తూనే ఉంటాయి. అందుకే వెళ్లే ముందు తన కట్టడాన్ని తానే నిజాయితీగా కొలుచుకోవాలి. ప్లాను దాటి కట్టినవాడికి ఈ దారి మంచిది కాదని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

సరిగ్గా ఈ భయం దగ్గరే మధ్యవర్తి ప్రవేశిస్తాడు. 'మీరేం వేయకండి, నేను చూసుకుంటా' అంటాడు. నోటీసులో పెరిగిన మొత్తంలో సగం ఆయనకిస్తే అంకె మారుతుందంటాడు. మారుతుంది కూడా, కొన్నిసార్లు. కానీ అలా మారిన అంకెకు ఉత్తర్వు ఉండదు, కారణం రాసి ఉండదు. రెండేళ్లకు కొత్త సర్వే రాగానే ట్యాబ్‌లో మళ్లీ 920 ప్రత్యక్షమవుతుంది. ఈసారి గడచిన ఏళ్ల తేడా, దాని మీద వడ్డీ కలిపి అడుగుతారు. చూపించడానికి యజమాని చేతిలో కాగితం ఉండదు.

ఉత్తర్వు చేతిలో ఉన్నవాడి పని కూడా అక్కడితో అయిపోదు. డిప్యూటీ కమిషనర్ సంతకం పెట్టిన కాగితం ఫైల్లోనే ఉండి, డిమాండ్ రిజిస్టర్‌లో పాత అంకె అలాగే సాగడం మన ఆఫీసుల్లో వింతేమీ కాదు. తర్వాతి అర్ధసంవత్సరం చలానా తీసుకున్నప్పుడు ప్లింత్ ఏరియా గడిలో 800 ఉందో 920 ఉందో చూడాలి. ఎక్కువ కట్టిన సొమ్మును రాబోయే బకాయిలో సర్దుబాటు చేయమని విడిగా దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తుకూ తేదీ వేసిన రసీదు తీసుకోవాలి.